గేజి స్టేషన్లు మూసి మోడళ్లు కొంటున్నవారికి బహిరంగ లేఖ

నదుల ప్రవాహాన్ని కొలిచే శాఖల అధిపతులకు, జలశాస్త్రం బోధించే విభాగాలకు, ఈ రంగంలో పరిశోధనలకు నిధులు కేటాయించే సంఘాలకు

నమస్కారం.

ఈమధ్య మీ ముందుకు వస్తున్న ప్రతిపాదనల్లో ఉపగ్రహం, కృత్రిమ మేధ, డిజిటల్ ట్విన్ (నదికి కంప్యూటర్‌లో కట్టిన ప్రతిరూపం) అనే మాటలు లేనివి అరుదు. అదే దస్త్రంలో నాలుగు పేజీల అవతల, ఖర్చు తగ్గింపు పద్దులో, కొన్ని గేజి స్టేషన్ల, అంటే నది ఒడ్డున నీటిని కొలిచే కేంద్రాల, మూసివేత కూడా ఉంటుంది. ఈ రెండు నిర్ణయాలూ వేర్వేరు బల్లల దగ్గర జరుగుతాయి కాబట్టి వాటి మధ్య లంకె ఎవరి కంటా పడదు. కొలిచేవాళ్లు లేకుండా పోయినా మోడళ్లతో, అంటే నదిని అనుకరించే కంప్యూటర్ ప్రోగ్రాములతో, లెక్కలు కట్టేవాళ్లకు పని దొరుకుతూనే ఉంటుంది. ఆ లెక్క సరైనదో కాదో చెప్పే దారి మాత్రం మూసుకుపోతుంది. ఈ శాస్త్రం ఇక్కడిదాకా ఎలా వచ్చిందో, కొలతలో ఏమేం చెడతాయో, మీరు ఏ నిర్ణయాలు మార్చుకోవాలని కోరుతున్నామో ఇందులో రాస్తున్నాం.

నీటిని కొలవడం జలశాస్త్రంకన్నా చాలా పాత పని. ధాన్యాగారం దగ్గర ఒక అరత్ని, అంటే మూరెడు, వెడల్పున్న కుండను వాన కొలతకు పెట్టాలని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. మెట్ట సీమల్లో 16 ద్రోణాలు, తడి సీమల్లో దానికి ఒకటిన్నర రెట్లు అని వానల లెక్క కూడా ఇస్తుంది. నైలు నది వార్షిక మట్టాలు 622 నుంచి నమోదై ఉన్నాయి. కొరియాలో 1441లో, సెజోంగ్ రాజు కాలంలో, వర్షమాపకం తయారైంది. మరుసటి ఏడాది దాని కొలతలను దేశమంతటికీ ఒకటే చేశారు. ఇవన్నీ పంట కోసం, పన్ను కోసం చేసిన కొలతలు. ఎంత వాన పడితే ఏరు ఎంత పారుతుందన్న ప్రశ్న వాటి వెనక లేదు.

ఆ ప్రశ్నకు అంకెలతో జవాబు 1674లో వచ్చింది. నదులు ఏడాది పొడవునా పారడానికి వాన ఒక్కటే చాలదనీ, సముద్రపు నీరు భూమి లోపలి దారుల్లో కొండలెక్కి ఊటలుగా బయటికి వస్తుందనీ ఐరోపా పండితుల్లో చాలామంది అప్పటికి నమ్మేవారు. ఊటలకు మూలం వానేనని ఫ్రాన్సులో బెర్నార్డ్ పలిస్సీ అనే కుమ్మరి 1580లోనే రాశాడు. ఆయన దగ్గర మంచి వాదన ఉంది, అంకె లేదు. పియెర్ పెరో సీన్ నది పుట్టిన చోట ఒక చిన్న పరీవాహక ప్రాంతాన్ని తీసుకుని, మూడేళ్ల వాన సగటు సుమారు 520 మిల్లీమీటర్లని తేల్చి, దాన్ని నది ప్రవాహంతో పోల్చాడు. ఏడాదిలో నది మోసుకుపోయేది పడిన వానలో ఆరో వంతేనని తేలింది. ప్రవాహాన్ని ఆయన నేరుగా కొలవనే లేదు. మరో చిన్న ఏటితో పోల్చి అంచనా కట్టాడు. మొరటు లెక్కే, కానీ అక్కడున్న ప్రశ్న వాన చాలుతుందా చాలదా అన్నది. ఆరు రెట్లు ఉన్నచోట ముప్పై నలభై శాతం తప్పు దొర్లినా జవాబు మారదు. ఎంత ఖచ్చితత్వం కావాలో ప్రశ్నను బట్టి ఉంటుందన్న ఈ ఇంగితం మోడల్ ఫలితాలను మూడు దశాంశ స్థానాలదాకా అచ్చువేసే ఇప్పటి నివేదికల్లో కొరవడింది.

ఎద్మే మారియోట్ పారిస్ దగ్గర అదే నదిలో తేలే వస్తువులు వదిలి వేగం కొలిచాడు. ఆయన చనిపోయాక 1686లో అచ్చయిన పుస్తకంలో వచ్చిన జవాబూ ఆరో వంతుకన్నా తక్కువే. 1687లో ఎడ్మండ్ హేలీ ఒక పళ్లెంలో ఉప్పునీరు పోసి, వేసవి వేడికి తెచ్చి, ఎంత ఆవిరైందో తూచాడు. ఆ లెక్కను మధ్యధరా సముద్రానికి వర్తింపజేస్తే, అందులో కలిసే పెద్ద నదులు తెచ్చే నీటికి దాదాపు మూడు రెట్లు ఆవిరైపోతోందని వచ్చింది. వాన, పారే నీరు, ఆవిరి మూడూ కొలతకు అందాక జలచక్రం నమ్మకం స్థాయి దాటి లెక్క అయింది.

తర్వాతి రెండు శతాబ్దాల్లో వచ్చిన సూత్రాల్లో చాలావాటి వెనక ఇలాంటి కొలతలే ఉన్నాయి. 1856లో హెన్రీ డార్సీ ఇసుక నింపిన నిలువు గొట్టంలోంచి నీటిని పంపి, రెండు చివర్ల పీడనాల తేడాకూ జారే నీటి పరిమాణానికీ ఉన్న అనుపాతాన్ని పట్టుకున్నాడు. భూగర్భజల శాస్త్రం మొత్తం ఆ గొట్టం మీదే నిలబడి ఉంది. 1851లో ఐర్లండుకు చెందిన థామస్ ముల్వానీ ప్రతిపాదించిన పద్ధతి, అంటే గుణకాన్ని వాన తీవ్రతతోనూ విస్తీర్ణంతోనూ గుణించి గరిష్ఠ వరద చెప్పడం, నేటికీ మురుగుకాల్వలకూ తూములకూ వాడుతున్నారు. అందులో తీవ్రత అంటే పరీవాహకంలో అత్యంత దూరపు నీరు కిందికి చేరడానికి పట్టే సమయానికి సగటు తీవ్రత. గంట సగటును తెచ్చి పది నిమిషాల్లో స్పందించే కాల్వకు వాడితే వరద చాలా తక్కువగా వస్తుంది. ఈ పొరపాటు ఇప్పటికీ డిజైన్ కాగితాల్లో కనిపిస్తుంది.

1932లో షెర్మన్ యూనిట్ హైడ్రోగ్రాఫ్ (ఒక ప్రమాణం వానకు వరద ఎలా ఎక్కి దిగుతుందో చూపే గీత), 1933లో రాబర్ట్ హోర్టన్ ఇంకుడు సిద్ధాంతం, 1935లో చార్లెస్ థైస్ బావి సమీకరణం (తోడుతుంటే చుట్టూ నీటిమట్టం ఎలా దిగుతుందో చెప్పేది) వచ్చాయి. హోర్టన్ కథ మీకు కాస్త వివరంగా చెప్పాలి. నేల ఇంకించుకోగలిగిన వేగంకన్నా వాన వేగం మించితే మిగిలింది పైన పారి వరద అవుతుందన్నది ఆయన మాట. ఎండి గట్టిపడిన నేలల్లో, తొక్కుడు పడ్డ పొలాల్లో అది నిజం. అడవి కప్పిన వాలుల్లో వాన పడుతున్నప్పుడు నిలబడి చూస్తే నేలమీద పారే నీరు దాదాపు కనిపించదు, అయినా ఏరు ఉప్పొంగుతుంది. 1970లలో నీటిలోని ఆక్సిజన్, హైడ్రోజన్ ఐసోటోపులను (ఒకే మూలకానికి బరువు వేరైన రూపాలను) కొలవడం మొదలయ్యాక ఇంకో వింత బయటపడింది. తడి, పచ్చని పరీవాహకాల్లో వరద నీటిలో సగానికి పైగా ఆ వానది కాదు. అంతకుముందు వారాలుగా, నెలలుగా నేలలో దాగిన పాత నీరు. వాన వచ్చిన గంటల్లోనే పాత నీరు అంత త్వరగా ఎలా బయటికి వస్తుంది? దీనికి జవాబులు ఉన్నాయిగాని అన్నిచోట్లా సరిపోయే ఒక్క జవాబు లేదు. హోర్టన్ ఊహతో రాసిన మోడల్ ఏటి ప్రవాహాన్ని చక్కగా అనుకరించగలదు. ఎరువు, పురుగుమందు, నైట్రేటు ఎప్పుడు ఏటిలోకి వస్తాయని అడిగితే అదే మోడల్ తప్పు చెబుతుంది, ఎందుకంటే దానికి నీటి వయసు తెలియదు.

ఇక గేజి స్టేషన్ సంగతి. మీరు సంతకాలు చేసే నివేదికల్లో 'నది ప్రవాహం సెకనుకు 412 ఘనమీటర్లు' అని ఉంటుంది. ఆ రోజు ఆ ప్రవాహాన్ని ఎవరూ కొలిచి ఉండరు. కొలిచింది నీటిమట్టం. మట్టం నుంచి ప్రవాహానికి తీసుకెళ్లేది రేటింగ్ కర్వ్. ఆ కర్వ్‌ను గీయడానికి ఏడాదిలో కొన్నిసార్లు నదిలో దిగో, వంతెన మీంచో, పడవ మీంచో నిజంగా ప్రవాహం కొలవాలి. మట్టంలోంచి సున్నా ప్రవాహపు మట్టాన్ని తీసేసి, మిగిలినదాన్ని ఒక ఘాతానికి హెచ్చించి, ఒక స్థిరాంకంతో గుణిస్తే ప్రవాహం వస్తుంది. వెడల్పాటి సహజ కాల్వలో ఆ ఘాతం ఇంచుమించు ఐదు బై మూడు. అంటే లోతులో పది శాతం తప్పు ప్రవాహంలో పదిహేడు శాతం అవుతుంది.

కొలిచే తీరు ఇది. వంపు లేని, అడుగు సాఫీగా ఉన్న, సుడులు లేని చోటు చూసుకుని నదికి అడ్డంగా తాడు కట్టాలి. ఆ గీతను 20 నుంచి 25 నిలువులుగా విడగొట్టాలి. ఏ ఒక్క ముక్కలోనూ మొత్తం ప్రవాహంలో ఐదు శాతం మించకుండా చూడాలి, ఎట్టి పరిస్థితిలోనూ పది దాటకూడదు. ప్రవాహం జోరుగా ఉన్న మధ్యభాగంలో నిలువులు దగ్గరదగ్గరగా, ఒడ్ల దగ్గర ఎడంగా ఉండాలి. ముప్పావు మీటరు లోపు లోతు ఉంటే ఉపరితలం నుంచి పదింట ఆరు వంతుల లోతులో ఒక్కసారి, అంతకన్నా లోతైతే పదింట రెండు, ఎనిమిది వంతుల దగ్గర రెండుసార్లు వేగం తీసి సగటు చేయాలి. ప్రతి బిందువు దగ్గరా కనీసం 40 సెకన్లు ఆగాలి, ఎందుకంటే నది ఊపిరి తీసినట్టు హెచ్చుతగ్గులవుతుంది. ఇదంతా సరిగ్గా చేస్తే తప్పు ఐదు శాతం దరిదాపుల్లో ఉంటుంది. చీకటి పడుతోందని ఆరేడు నిలువులతో సరిపెడితే ఆ హామీ పోతుంది. నీటి వేగం కొలిచే గిన్నెల కరెంట్ మీటరు మందగమన నీటిలో, సెకనుకు పది సెంటీమీటర్ల లోపు వేగంలో, బేరింగు రాపిడి వల్ల నమ్మదగ్గది కాదు. ఎండాకాలపు సన్నటి ప్రవాహాల రికార్డులు అనుమానాస్పదంగా ఉండడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం అడుగు. 30 సెంటీమీటర్ల లోతు ఉందని కర్వ్ అనుకుంటున్న చోట ఐదు సెంటీమీటర్ల పూడిక చేరితే అసలు లోతు 25. పైన చెప్పిన ఘాతంతో లెక్కేస్తే నిజ ప్రవాహం రికార్డు చెప్పేదానిలో నాలుగింట మూడు వంతులే. అదే ఐదు సెంటీమీటర్లు నాలుగు మీటర్ల వరదలో లెక్కలోకి రాదు. వరద ఒకటి వచ్చి అడుగును కోసుకుపోతే తప్పు అటువైపు తిరుగుతుంది. గుర్రపుడెక్క, నాచు పెరిగితే నీరు పైకి తన్ని మట్టం పెరుగుతుంది; ప్రవాహం పెరగదు. దిగువన ఆనకట్ట గేట్లు దించితే వెనక్కి తన్నే నీరు, అంటే బ్యాక్‌వాటర్, గేజిదాకా వస్తుంది. అప్పుడు మట్టానికీ ప్రవాహానికీ ఉన్న లంకె తెగిపోతుంది. అలాంటి చోట రెండో గేజి పెట్టి వాలును కూడా లెక్కలోకి తీసుకోవాలి, లేదా వేగాన్ని నేరుగా కొలిచే పరికరం అమర్చాలి. చదునైన నదుల్లో ఇంకో చిక్కు ఉంది: ఒకే మట్టం దగ్గర వరద ఎక్కుతున్నప్పటి ప్రవాహం దిగుతున్నప్పటికన్నా ఎక్కువ. ఒకే గీత గీసినవాళ్లు ఈ ఉచ్చును చూడనట్టే.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పెద్ద వరదలది. అవి రాత్రిపూట వస్తాయి, దుంగలు మోసుకొస్తాయి, దారులు మునిగిపోతాయి. వంతెన మీంచి వదిలిన బరువును నీరు కిందికి లాక్కుపోతుంది. తాడు ఏటవాలుగా ఉంటే లోతు ఎక్కువగా చదువుతాం. అందువల్ల కర్వ్ పైభాగంలో కొలిచిన చుక్కలు ఉండవు, సాగదీసిన గీత మాత్రమే ఉంటుంది. నది గట్టు దాటి పొలాల్లోకి విస్తరించాక ఆ గీతకు అర్థమే మారిపోతుంది. అక్కడ ఇరవై నుంచి యాభై శాతం తప్పు సర్వసాధారణం. ఆనకట్టల అలుగులూ వంతెనల ఎత్తులూ నిర్ణయించేది సరిగ్గా ఆ అంకెలే.

కొత్త పరికరాలు ఈ కష్టాన్ని తగ్గించాయి, తీసెయ్యలేదు. పడవకు కట్టిన డాప్లర్ ధ్వని పరికరం కొద్ది నిమిషాల్లో నది అడ్డకోతను కొలిచేస్తుంది. కానీ ఉపరితలానికి దగ్గర, అడుగుకు దగ్గర దానికి కొంత గుడ్డి భాగం ఉంటుంది; అక్కడ వేగాన్ని ఊహించాల్సిందే. వరదలో నది అడుగు ఇసుకే కదులుతుంటే, పరికరం ఆ అడుగును స్థిరమనుకుని పడవే ఎగువకు పోతోందని లెక్కేస్తుంది, ప్రవాహాన్ని తక్కువ చెబుతుంది. మొదలుపెట్టిన చోటికే తిరిగి వచ్చే చుట్టు పరీక్ష చేసి దీన్ని పట్టుకోవచ్చు, జీపీఎస్‌తో సరిచేయవచ్చు. వంతెనకు బిగించిన రాడార్, ఒడ్డున పెట్టిన కెమెరా పైపై వేగాన్నే చూస్తాయి. దాన్ని నిలువు సగటుగా మార్చడానికి 0.85 వంటి గుణకం వాడతారు. బలమైన ఎదురుగాలి ఉన్న రోజు ఆ గుణకం పనికిరాదు. మనిషి ప్రాణానికి ముప్పు లేకుండా వరద శిఖరం దగ్గర చుక్కలు తెచ్చేవి ఇవే కాబట్టి మేము వీటికి అనుకూలమే. అయితే ఏడాదికోసారైనా పాత పద్ధతితో పోల్చి చూసిన స్టేషన్లలోనే వీటిని నమ్ముతాం.

వాన సంగతి ఇంతకన్నా మెరుగేమీ కాదు. సాధారణ వర్షమాపకం నోరు 200 నుంచి 500 చదరపు సెంటీమీటర్లు. 200 చొప్పున లక్ష మాపకాలను పక్కపక్కన పేర్చినా నిండేది అర ఎకరం. గాలి చినుకుల్ని పక్కకు నెట్టడం వల్ల వానలో కొన్ని శాతం, మంచులో సగందాకా కూడా మాపకంలో పడదు. తిరగబడే గిన్నె మాపకం కుండపోతలో, గిన్నె తిరిగే క్షణంలో పడే నీటిని లెక్కపెట్టలేక తక్కువ చెబుతుంది. ఆకు అడ్డం పడితే వాన ఆగాక కూడా గంటల తరబడి సన్నగా కురుస్తున్నట్టు నమోదు చేస్తుంది. పక్కనే మామూలు సీసా మాపకం పెట్టి నెలకోసారి మొత్తాలు సరిచూడడం తప్ప దీనికి మందు లేదు.

ఇప్పుడు మోడళ్ల దగ్గరికి వద్దాం. 1966లో క్రాఫర్డ్, లిన్స్‌లీ రూపొందించిన స్టాన్‌ఫర్డ్ వాటర్‌షెడ్ మోడల్‌తో పరీవాహకం మొత్తం కంప్యూటర్‌లోకి వచ్చింది. 1969లో ఫ్రీజ్, హార్లన్ భౌతిక సమీకరణాలతోనే పరీవాహకాన్ని ఎలా కట్టాలో నమూనా ఇచ్చారు. తర్వాత కీత్ బెవెన్ వంటివారు ఇబ్బందికరమైన సంగతి ఎత్తిచూపారు. ఒకదానికొకటి పొంతన లేని ఎన్నో స్థిరాంకాల కూర్పులు ఒకే ప్రవాహ రికార్డును దాదాపు సమానంగా అనుకరిస్తాయి. ఏది నిజమో ఆ రికార్డు ఒక్కటే చెప్పలేదు. నేల తేమ, బావుల మట్టం, నీటి వయసు వంటి మరో రకం కొలత ఉంటేనే వాటిలో కొన్నిటిని కొట్టిపారేయగలం.

మోడల్ బాగుందని చెప్పడానికి 1970లో వచ్చిన నాష్-సట్‌క్లిఫ్ మార్కును ఎక్కువమంది వాడతారు. 1 అంటే సంపూర్ణం, 0 అంటే సగటు ప్రవాహాన్ని రోజూ చెప్పినంత. రుతువుల తేడా బలంగా ఉన్న నదిలో ఏ మోడలూ లేకుండా, గత ఏళ్లలో ఆ తేదీకి వచ్చిన సగటును చెప్పినా మంచి మార్కే వస్తుంది. కాబట్టి 0.8 వచ్చిందని ఎవరైనా అంటే, తేదీ సగటుకు ఎంత వచ్చిందో అడగండి. పైగా ఆ మార్కు తేడాల వర్గాల (తేడాను దానితోనే గుణించిన విలువల) మీద నడుస్తుంది. నాలుగు పెద్ద వరదలే దాన్ని ఏలుతాయి. ఎండాకాలంలో మోడల్ నదిని పూర్తిగా ఎండబెట్టినా మార్కు చెక్కుచెదరదు.

వీట్ క్లెమెష్ 1986లో ఒక కఠిన పరీక్ష సూచించాడు. మోడల్‌ను తడి ఏళ్లతో సరిచేసి పొడి ఏళ్ల మీద పరీక్షించు, పొడి ఏళ్లతో సరిచేసి తడి ఏళ్ల మీద పరీక్షించు. వాతావరణం మారితే ఏమవుతుందో చెప్పే అర్హత ఇందులో నెగ్గినవాటికే ఇవ్వు. వాతావరణ మార్పు ప్రభావాల మీద వెలువడుతున్న అధ్యయనాల్లో ఎన్నో ఈ పరీక్ష ఊసే ఎత్తవు.

గతం భవిష్యత్తుకు కొలబద్ద అన్న ఊహ కూడా సడలింది. 2008లో మిల్లీ, సహచరులు సైన్స్ పత్రికలో ఆ ఊహ చచ్చిపోయిందనే ప్రకటించారు. ఒక డిగ్రీ వేడెక్కితే గాలి దాదాపు ఏడు శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు. అంతకుముందే, 1951లో, హెరాల్డ్ హర్స్ట్ నైలు రికార్డులను తిరగేసి, తడి ఏళ్లు తడి ఏళ్లతో, కరువులు కరువులతో గుంపులు కడతాయనీ, రిజర్వాయరు పరిమాణాన్ని ఏటికేడాది స్వతంత్రమన్న ఊహతో నిర్ణయిస్తే చిన్నదైపోతుందనీ చూపాడు. వందల ఏళ్ల రికార్డు లేకపోతే ఆ గుంపులు కనిపించేవే కావు. ఇక నూరేళ్ల వరద అంటే నూరేళ్లకోసారి వచ్చేది కాదని మీకు తెలుసు. ఏటా ఒక శాతం అవకాశం. ముప్పై ఏళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం. ముప్పై ఏళ్ల రికార్డుతో, అందులోనూ సాగదీసిన కర్వ్‌తో, ఆ వరదను ఒకే అంకెగా ప్రకటించడం సాహసం. కింది, పై హద్దులతో ప్రకటించండి.

పాత రికార్డుల నుంచి తమంతట తామే నేర్చుకునే లోతైన న్యూరల్ నెట్‌వర్కుల మీద మాకు వ్యతిరేకత లేదు. 2018, 2019లలో క్రాట్జర్ట్ బృందం చూపిన ఫలితాలు నిజంగా గొప్పవి. వందలాది పరీవాహకాల రికార్డులు కలిపి శిక్షణ ఇచ్చిన నెట్‌వర్కు, తను ఎన్నడూ చూడని ఏటిలో కూడా, ఆ ఏటి రికార్డుతోనే సరిచేసిన పాత తరహా మోడల్‌ను మించింది. గేజి లేని వాగులకు ఇంతకన్నా మంచి వార్త లేదు. కానీ అది నేర్చుకున్నది దేనినుంచి? దశాబ్దాలు తెగకుండా నడిచిన గేజిల నుంచి. రేటింగ్ కర్వ్‌లోని తప్పును కూడా అది నిజమనే నేర్చుకుంటుంది. శిక్షణలో చూడనంత పెద్ద వరద దగ్గర తక్కువ చెప్పే ధోరణి దానికి ఉంది. గేజిలు మూసేస్తే ఈ పద్ధతి నిన్నటి నదిలోనే ఉండిపోతుంది.

ఉపగ్రహాల సంగతీ అంతే. 2002 నుంచి 2017 వరకు గ్రేస్ జంట ఉపగ్రహాలు, 2018 నుంచి వాటి వారసులు భూమి మీద నీటి బరువు ఎలా మారుతోందో చూపిస్తున్నాయి. అది 300 కిలోమీటర్ల స్థాయి చిత్రం. ఒక మండలంలో బావుల గురించి అది ఏమీ చెప్పదు. బావి మట్టం మీటరు దిగిందంటే ఇసుక పొరలో 10 నుంచి 25 సెంటీమీటర్ల నీరు పోయినట్టు, గట్టి రాతి పొరలో ఒకటి నుంచి మూడు సెంటీమీటర్లే. ఆ తేడా చెప్పేది నేలలో వేసిన బోరు, దాని పొరల వివరం. 2022 డిసెంబరులో ఎగిరిన స్వాట్ ఉపగ్రహం వంద మీటర్లకు పైగా వెడల్పున్న నదుల మట్టం, వెడల్పు, వాలు చూస్తుంది. ఒక పరిభ్రమణ చక్రం 21 రోజులు. నీటి కింద అడుగు దానికి కనపడదు, కాబట్టి ప్రవాహం అక్కడా ఊహే. ఊళ్లను ముంచేసే చిన్న వాగులు దాని చూపుకు ఆనవు, మూడు గంటల్లో వచ్చిపోయే వరదలు దాని చక్రానికి అందవు.

ఇవి మా అభ్యర్థనలు. ముప్పై ఏళ్లు దాటిన రికార్డు ఉన్న ఏ స్టేషన్‌నూ ఖర్చు కారణంగా మూయకండి. ముఖ్యంగా ఎగువన ఆనకట్ట లేని చిన్న పరీవాహకాలవి. మొదటి వేటు పడేది వాటి మీదే, వాతావరణ మార్పు జాడ మానవ నియంత్రణతో కలగాపులగం కాకుండా కనిపించేదీ వాటిలోనే. చోటు మార్చక తప్పకపోతే పాతదీ కొత్తదీ కనీసం రెండు వానాకాలాలు కలిపి నడపండి. అమెరికాలో 1955లో నెలకొన్న హబ్బర్డ్ బ్రూక్ ప్రయోగ పరీవాహకం అడవికీ ఏటికీ సంబంధం చూడడానికి మొదలైంది. అక్కడ ఓపిగ్గా సేకరించిన వాననీటి రసాయన రికార్డులోంచి ఆమ్లవర్షం బయటపడింది. ముందుగా రాసిన ప్రయోజనంతోనే స్టేషన్ విలువ కట్టే పద్ధతికి ఇలాంటివి అందవు.

రోజువారీ సగటు ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి. మూడు గంటలపాటు సెకనుకు 100 ఘనమీటర్లు పారి, మిగతా 21 గంటలు 2 ఘనమీటర్లు పారిన వాగుకు రోజు సగటు 14 మాత్రమే. ఆ వరద రికార్డులో మాయమైపోతుంది. పావుగంట మట్టాలు ఇవ్వండి. ప్రతి కొలత తాలూకు తేదీ, మట్టం, వెడల్పు, అడ్డకోత వైశాల్యం, సగటు వేగం, ప్రవాహం, వాడిన పద్ధతి ఇవ్వండి. రేటింగ్ కర్వ్ మార్చినప్పుడల్లా పాతదాన్ని చెరిపెయ్యకుండా ఏ తేదీ నుంచి ఏ తేదీకి ఏది వర్తిస్తుందో రాయండి. కర్వ్‌లో కొలిచిన అత్యధిక మట్టం ఎంతో చెప్పి, దానిపైనున్న ప్రతి అంకెకూ 'సాగదీసినది' అన్న గుర్తు పెట్టండి. ఈ ఒక్క గుర్తు ఎన్నో డిజైన్లను మారుస్తుంది. కాగితపు రిజిస్టర్లనూ చార్టులనూ ముందు స్కాన్ చేయండి, తర్వాత ఇద్దరు విడివిడిగా టైపు చేసి పోల్చండి. గేజి సున్నా (మట్టం లెక్క మొదలయ్యే ఎత్తు) మార్చినట్టు మార్జిన్‌లో పెన్సిలుతో రాసి ఉండే మాట టైపు చేసేవారి చేతుల్లో ముందుగా పోయేది; దాని కోసం వేరే గడి పెట్టండి.

భూగర్భజలాల బడ్జెట్లలో థైస్ 1940లో చెప్పింది అమలు చేయండి. తోడిన ప్రతి లీటరూ ఈ మూడు చోట్లలో ఒకదాని నుంచి రావాలి: పెరిగిన ఇంకుడు, తగ్గిన ఊటలూ వాగుల ప్రవాహమూ, లేదా తరిగిన నిల్వ. వానతో ఏటా ఇంకేదంతా తోడుకోవచ్చన్న లెక్క వాగులను ఎండబెట్టే లెక్క. పరిశీలక బావిని నడుస్తున్న మోటారు బావిలో పెట్టకండి. అక్కడ కనిపించేది పొర మట్టం కాదు, తోడడం వల్ల నీటిమట్టంలో ఏర్పడిన గుంట.

బోధకులకు ఒక మాట. జలశాస్త్రంలో పట్టా తీసుకునే ప్రతి విద్యార్థీ ఒకే ఏటిలో, ఒకే రోజు, మూడు పద్ధతుల్లో ప్రవాహం కొలిచి, తేడాలు ఎందుకు వచ్చాయో రాయాలని నిబంధన పెట్టండి: కరెంట్ మీటరు, తేలే వస్తువు, ఉప్పు. ఉప్పు పద్ధతికి పెద్ద సరంజామా అక్కర్లేదు. సెకనుకు ఒక ఘనమీటరు ప్రవాహానికి కిలో నుంచి రెండు కిలోల ఉప్పును బకెట్‌లో పూర్తిగా కరిగించి ఒక్కసారిగా మధ్యలో పోసి, కాల్వ వెడల్పుకు కనీసం 25 రెట్లు దిగువన నీటి విద్యుత్ వాహకతను ప్రతి రెండు సెకన్లకూ నమోదు చేయాలి. మొదటి విలువకు తిరిగి వచ్చేదాకా ఆపకూడదు. ఆ ఏటి నీటితోనే ముందుగా వాహకతకూ ఉప్పు గాఢతకూ లంకె తేల్చుకోవాలి. పోసిన ఉప్పు బరువును గాఢత గీత కింది వైశాల్యంతో భాగిస్తే ప్రవాహం. ఆ గీత తోక తెగ్గోస్తే వైశాల్యం తగ్గి ప్రవాహం ఎక్కువ వస్తుంది; రెండు ఒడ్ల దగ్గరా కొలిచి అంకెలు కలవకపోతే ఉప్పు పూర్తిగా కలవలేదని అర్థం, ఇంకా దిగువకు జరగాలి. కరగని గింజలు అడుగున మిగిలినా ప్రవాహం ఎక్కువే వస్తుంది. ఇది ఒకసారి చేసిన విద్యార్థి ఆ తర్వాత ఏ ప్రవాహ పట్టికనూ గుడ్డిగా నమ్మడు.

నిధులిచ్చే సంఘాలు ప్రతి మోడలింగ్ ప్రాజెక్టులో పదో వంతు సొమ్మును ఆ మోడల్ వాడుకునే స్టేషన్ల కొలతలకు కేటాయించాలి, క్లెమెష్ పరీక్ష ఫలితం లేని భవిష్యత్ అంచనాలను తిప్పి పంపాలి.

ఇన్ని చెప్పాక కూడా కొన్ని స్టేషన్లు మూతపడతాయని మాకు తెలుసు. అలాంటప్పుడు చివరి వారంలో ఈ పని చేయించండి. గేజి సున్నాను దగ్గరలోని రెండు శాశ్వత బెంచ్‌మార్కులతో (ఎత్తు తెలిసిన గుర్తులతో) లెవెలింగ్ చేసి, అంటే ఎత్తుల తేడా కొలిచి, జాతీయ ఎత్తుల వ్యవస్థకు కలపండి. ఒక బెంచ్‌మార్కు వంతెన మీదైతే రెండోది రాతి మీద ఉండాలి. అడ్డకోతను కొలవండి, ప్రవాహం ఆగిపోయే మట్టాన్ని నోట్ చేయండి, ఎగువకూ దిగువకూ ఒడ్డు నుంచి ఫొటోలు తీయండి, చివరిసారి ప్రవాహం కొలవండి. రేటింగ్ కర్వ్‌లన్నీ, కొలతల పుస్తకాలన్నీ రెండు వేర్వేరు చోట్ల భద్రపరచండి. గేజి పలకలు పీకేసినా స్తంభం పునాది వదిలేయండి. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా తిరిగి తెరిస్తే, రెండు రికార్డులూ ఒకే సున్నా మీద కలుస్తాయి.

ఇట్లు,
నీటి కొలతల పనిలో, జలశాస్త్ర బోధనలో ఉన్నవాళ్లం